తీగొచ్చింది, పెత్తనం రాలేదు
(అడవులదీవిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేం కరెంటు సంగతి మాట్లాడతాం. కరెంటు సంగతంటే బిల్లుల సంగతో, కోతల సంగతో అనుకుంటారు. అవీ ఉన్నాయి. కానీ వాటికన్నా ముందు అడగాల్సిన మాట ఒకటుంది. తీగ మీద పెత్తనం ఎవరిది? స్తంభం ఎక్కడ పాతాలో, ట్రాన్స్‌ఫార్మరు ఎవరి చేలో పెట్టాలో, ఎవరి ఇంటికి ముందు, ఎవరి ఇంటికి తర్వాత అనేది నిర్ణయించే కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ఆ కుర్చీలో మాల మాదిగలు ఎప్పుడన్నా కూర్చున్నారా?

ఈ మాట మేం ఊరికే ఎత్తటం లేదు. మన తెలుగు నేలమీద కరెంటును జనమే సొసైటీ పెట్టుకుని నడుపుకున్న చోట్లున్నాయి. సర్కారు ఆఫీసు కాదు, కంపెనీ కాదు. కరెంటు వాడుకునేవాళ్ళే వాటాదార్లు, వాళ్ళే ఓటర్లు, వాళ్ళు ఎన్నుకున్నవాళ్ళే పాలకవర్గం. సిరిసిల్లలో అట్టాంటి సొసైటీ 1970లో పుట్టింది, ఇవాళ్టికీ నడుస్తోంది. రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో ఇట్టాంటివి తొమ్మిది ఉండేవి. ఆ కథలో మనం నేర్చుకోవాల్సింది ఉంది, జాగ్రత్తపడాల్సిందీ ఉంది. రెండూ చెప్తాం.

ఊరికి కరెంటొచ్చిందంటే ఎవరికొచ్చినట్టు?

ముందు సర్కారు లెక్క ఎట్టా ఉంటదో చూద్దాం. ఒక ఊరికి కరెంటొచ్చిందని కాగితం మీద రాయాలంటే ఏం జరగాలి? 1997 దాకా ఉన్న నిర్వచనం ఏందంటే, ఆ ఊరి రెవెన్యూ హద్దుల్లో ఎక్కడన్నా, దేనికన్నా కరెంటు వాడితే చాలు, ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే. అంటే కామందు పొలంలో ఒక్క మోటారు తిరిగితే చాలు. ఒక్క ఇంట్లో దీపం వెలక్కపోయినా ఊరు వెలిగిపోయినట్టే లెక్క! ముప్పై నలభై ఏళ్ళు ఈ దేశంలో వేల గ్రామాలు ఈ లెక్క కిందే వెలిగిపోయాయి.

1997లో ఆ నిర్వచనం మార్చారు. పొలంలో కాదు, జనం ఉండే చోట వాడాలి అన్నారు. జనం ఉండే చోటంటే ఏది? ఊరా, పల్లెనా? ఈ దేశంలో ఊరు వేరు, పల్లె వేరు. రెండిటి మధ్యా కాలవో, డొంకో, కనపడని గోడో ఉంటది. ఊళ్ళో నాలుగు వీధులు వెలిగితే ఆ లెక్కా సరిపోయింది.

2004లో మళ్ళీ మార్చారు. అప్పుడు, స్వతంత్రం వచ్చిన 57 ఏళ్ళకు, సర్కారు నిర్వచనంలోకి దళితవాడ అనే మాట ఎక్కింది. జనావాసంలోనూ దళితవాడలోనూ ట్రాన్స్‌ఫార్మరు, లైన్లు ఉండాలి, బడికీ పంచాయతీ ఆఫీసుకీ ఆసుపత్రికీ కరెంటు ఉండాలి, ఇళ్ళల్లో నూటికి పదింటికన్నా కనెక్షన్ ఉండాలి అన్నారు. దళితవాడ అని విడిగా రాయాల్సి వచ్చిందంటే ఏంటి అర్థం? అంతకుముందు ఊరనే మాటలో మనం లేమని సర్కారే ఒప్పుకున్నట్టు. అందులోనూ నూటికి పదిళ్ళు చాలంట! తొంభై ఇళ్ళు చీకట్లో ఉన్నా ఊరు వెలిగినట్టే.

2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ పథకం కింద దారిద్ర్యరేఖకు దిగువ ఇళ్ళకు ఉచితంగా కనెక్షన్లన్నారు. 2017లో సౌభాగ్య అన్నారు. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లో లైసాంగ్ అనే ఊరికి కరెంటిచ్చి, దేశంలో ఊళ్ళన్నీ వెలిగిపోయాయని ప్రకటించారు. ఇవాళ మన పల్లెల్లో చాలా ఇళ్ళకు బల్బు ఉంది, ఫ్యాను ఉంది, టీవీ ఉంది. కాదనం. అది ఎవరో పెట్టిన భిక్ష కూడా కాదు, అడిగి అడిగి తెచ్చుకున్నది. కానీ తీగ మన గుమ్మం దాకా రావటానికి ఎందుకు అన్నేళ్ళు పట్టింది? తీగ లాగే నిర్ణయం తీసుకునే చోట మనం లేం కనక. అందుకే పెత్తనం సంగతి అడుగుతున్నాం.

కరెంటు గురించి బాబాసాహెబ్ ఏం ఆలోచించాడు

డాక్టర్ అంబేద్కర్ అంటే రాజ్యాంగం, రిజర్వేషన్లు. ఇంతే మనకు చెప్పారు. ఆయన ఈ దేశపు కరెంటు సంగతులు చూసిన మంత్రి అని ఎంతమందికి చెప్పారు? 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ సభ్యుడు. కరెంటు, సాగునీటి ప్రాజెక్టులు ఆ శాఖ కిందే ఉండేవి. దామోదర్ లోయ పథకం పునాదులు ఆయన చేతి మీదుగానే పడ్డాయి. కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు 1944లో ఆయన హయాంలోనే ఏర్పడింది.

1943 అక్టోబరులో, పబ్లిక్ పనులూ విద్యుచ్ఛక్తి విధాన సంఘం సమావేశంలో ఆయన వేసిన ప్రశ్న ఏంటంటే, అసలు మనకు కరెంటు ఎందుకు? దీపాలకోసమేనా? కాదన్నాడు. ఈ దేశపు పేదోడు పుట్టినకాడ్నించీ తిరుగుతున్న దరిద్రపు గానుగలోంచి బయటపడాలంటే పరిశ్రమలు రావాలి, పరిశ్రమలు రావాలంటే కరెంటు చవగ్గా, పుష్కలంగా దొరకాలి అన్నాడు. అది ప్రైవేటు చేతిలో ఉండాలా, రాజ్యం చేతిలో ఉండాలా అనేది తేల్చుకోవాలన్నాడు. 1947లో రాసిన ‘రాష్ట్రాలు – మైనారిటీలు’లో ఇంకా తెగేసి చెప్పాడు. కీలక పరిశ్రమలు రాజ్యం సొంతంగా నడపాలి, భూమి రాజ్యానిదై ఉండాలి, కులం తేడా లేకుండా కూలీలందరూ కలిసి సేద్యం చెయ్యాలి అన్నాడు.

ఆయన గ్రామాన్ని ఎందుకు నమ్మలేదో మీకు తెలుసు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలోనే చెప్పాడు, గ్రామం అంటే సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వం పేరుకున్న చోటని. ఊరి చేతికి అధికారం ఇస్తే ఆ ఊరి పెత్తందారు చేతికి ఇచ్చినట్టేనని ఆయన భయం. ఆ భయం ఎంత నిజమో కారంచేడు చూసిన మనకు, చుండూరు చూసిన మనకు వేరే చెప్పాలా? 1991లో చుండూరులో హత్యాకాండకు ముందు దళితుల మీద సాంఘిక బహిష్కరణ పెట్టారు. పనుల్లేవు, పొలాల్లో అడుగు పెట్టనివ్వలేదు. అట్టాంటి ఊళ్ళో కరెంటు స్విచ్చి కూడా ఆ పెద్దమనుషుల చేతిలోనే ఉంటే ఏమవుద్దో ఆలోచించండి.

మరి అయితే సొసైటీలు మనకొద్దా? ఆగండి. కథ పూర్తిగా విని తీర్పు చెప్పండి.

అమెరికా పల్లెల నుంచి సిరిసిల్ల దాకా

ఈ సొసైటీ ఆలోచన అమెరికా నుంచి వచ్చింది. 1930ల్లో అక్కడ పట్నాలు దీపాలతో ధగధగలాడుతున్నాయి. పల్లెటూళ్ళల్లో మాత్రం పది రైతు కుటుంబాల్లో ఒక కుటుంబానికే కరెంటు. కంపెనీలు ఏమన్నాయంటే, పల్లెకు లైను లాగితే మాకు గిట్టదు అన్నాయి. 1935లో రూజ్‌వెల్టు సర్కారు గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టి తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. రైతులు సొసైటీలు కట్టి, ఆ అప్పుతో స్తంభాలు వాళ్ళే నిలబెట్టుకుని, తీగలు వాళ్ళే లాక్కున్నారు. 1950ల మొదటికల్లా పదింట తొమ్మిది కుటుంబాలకు కరెంటొచ్చింది. కంపెనీ గిట్టదన్న పని జనం చేసి చూపించారు. ఇది చిన్న విజయం కాదు.

మన దగ్గర 1948 చట్టం కింద రాష్ట్రాలకు విద్యుత్ బోర్డులొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ బోర్డు 1959లో వచ్చింది. బోర్డులు పట్నాలకూ ఫ్యాక్టరీలకూ ముందు లైన్లేశాయి. 1960ల నడుమ కరువులొచ్చాక, బావులకు మోటార్లు పెడితేగాని తిండిగింజలు పండవని ఢిల్లీకి అర్థమైంది. వెంకటప్పయ్య కమిటీ సిఫారసు మీద 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ పెట్టారు. అమెరికా సహకార సంఘాల నిపుణులు వచ్చి సలహాలిచ్చారు. ఐదు చోట్ల ప్రయోగం చేశారు. ఉత్తరప్రదేశ్‌లో లక్నో దగ్గర, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ములా-ప్రవర, కర్ణాటకలో హుక్కేరి, మన దగ్గర కరీంనగర్ జిల్లా సిరిసిల్ల.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. మోటారు కోసం కరెంటు అన్నప్పుడే, భూమి ఉన్నవాడికోసం కరెంటు అని తేలిపోయింది. బావి లేనోడికి మోటారెందుకు? భూమి లేనోడికి బావెందుకు? కూలోడి ఇంట్లో దీపం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

సిరిసిల్లలో ఏం జరిగింది

సిరిసిల్ల సొసైటీ పని 1970లో మొదలైంది. ఇవాళ రాజన్న సిరిసిల్ల జిల్లా అంటున్న ప్రాంతమంతా దాదాపు దాని కిందే ఉంది. జనం నోట్లో ‘సెస్’ అంటారు. అది కరెంటు తయారు చెయ్యదు. బోర్డు దగ్గర, తర్వాత డిస్కం దగ్గర టోకున కొని, తన స్తంభాల మీద, తన తీగల మీద ఊరూరికీ చిల్లరగా పంచుద్ది. మీటర్లు దానివే, బిల్లులు దానివే, లైన్‌మేన్లు దాని జీతగాళ్ళే. కనెక్షన్ తీసుకున్నవాడు వాటా ధనం కట్టి సభ్యుడవుతాడు. ఏడాదికొకసారి మహాజన సభ, గడువు ప్రకారం ఎన్నికలు.

దీనిలో మంచి ఉంది, చెప్పాలి. ఆఫీసు దగ్గర్లో ఉంటది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే ఎక్కడో రాజధానిలో ఉన్న ఇంజనీరు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. లెక్కలడగటానికి ఒక సభ ఉంది, ఓడించటానికి ఒక ఎన్నిక ఉంది. పది బోర్లున్నోడికీ ఒకే ఓటు, ఒక్క బల్బున్నోడికీ ఒకే ఓటు. కంపెనీలో అట్టా కాదు, ఎవడి వాటా ఎంతయితే ఓటు అంత. 1949లో రాజ్యాంగ సభలో ఆఖరి ప్రసంగంలో బాబాసాహెబ్ హెచ్చరించింది ఇదే కదా. రాజకీయాల్లో మనిషికొక ఓటు, ఆర్థిక జీవితంలో మాత్రం అసమానత, ఈ రెండూ ఎంతోకాలం పక్కపక్కన బతకలేవన్నాడు. ఆర్థిక వ్యవహారంలో మనిషికొక ఓటు అనే సూత్రం ఉన్న చోటు ఏదన్నా ఉంటే అది సహకార సంఘమే. అందుకే దాన్ని తేలిగ్గా తోసిపారెయ్యం.

సిరిసిల్లలో మరమగ్గాలు వేలకు వేలు ఆడుతున్నాయంటే ఆ కరెంటు మీదే ఆడుతున్నాయి. చేతిమగ్గం మానేసిన పద్మశాలి కుటుంబాలు మరమగ్గం మీద బతికాయి. అంబేద్కర్ అన్నట్టు కరెంటు దీపానికే కాదు, పనికీ అని అక్కడ రుజువైంది. కానీ పని ఇచ్చిన ఆ మగ్గాల మధ్యే అప్పులపాలై నేత కార్మికులు ఉరేసుకున్నారు. నూలు ధర, గుడ్డ ధర, షావుకారు అప్పు, కూలి రేటు – వీటిల్లో ఏదీ కరెంటు సొసైటీ చేతిలో లేదు. ఒక్క తీగ జనం చేతిలోకొస్తే మిగతావన్నీ మారిపోవు.

ఇంకో సంగతి. సొసైటీ 1970లో పుట్టింది. ఎనిమిదేళ్ళు తిరక్కుండా, 1978లో, సిరిసిల్ల జగిత్యాల తాలూకాల్లో వెట్టి మీద, దొరల దోపిడి మీద కూలి జనం లేచారు. సర్కారు ఆ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి పోలీసుల్ని దింపింది. ఆలోచించండి. ఏ ఊళ్ళల్లో అమెరికా పద్ధతి సహకార కరెంటు వెలుగుతోందో, ఆ ఊళ్ళల్లోనే దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచే మనుషులున్నారు. అట్టాంటి చోట మహాజన సభలో మాదిగ సభ్యుడు లేచి నిలబడి దొరని లెక్కలడగ్గలడా? ఓటుంది సరే, నోరేదీ? సొసైటీ బైలాలో అందరూ సమానం. ఊళ్ళో కాదు.

తొమ్మిదిలో మిగిలినవెన్ని

సిరిసిల్ల దారిలో మరికొన్ని వచ్చాయి. అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం, రాయచోటి, ఆత్మకూరు, జోగిపేట, కదిరిలో తూర్పొకటి పడమరొకటి. వీటిల్లో ఐదు కాలక్రమంలో బోర్డులోనో డిస్కంలోనో కలిసిపోయాయి. మిగిలినవి సిరిసిల్ల, అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం. ఆ మూడు ఆంధ్రా సొసైటీల మెడ మీదా కత్తి వేలాడింది. 2021లో విద్యుత్ నియంత్రణ మండలి లైసెన్సు మినహాయింపు ప్రశ్న ఎత్తి, డిస్కంలకు అప్పజెప్పాలంది. దానిమీద పెద్ద తగువే నడిచింది. ములా-ప్రవర సొసైటీ 2011లోనే పోయింది, దాని ప్రాంతాన్ని మహారాష్ట్ర సర్కారు కంపెనీ తీసుకుంది.

ఇవి ఎందుకు చిక్కిపోయాయి? దొంగలు తిన్నారు అని ఒక్కమాటలో తేల్చెయ్యటం తేలిక. అసలు లెక్క చూడండి. సొసైటీ కరెంటు కొనే ధర ఒకరు నిర్ణయిస్తారు, అమ్మే ధర కూడా వేరేవాళ్ళే నిర్ణయిస్తారు. 1980ల్లో మోటార్లకు హార్సుపవర్ లెక్కన స్లాబు రేటొచ్చింది, 2004లో రైతులకు ఉచిత కరెంటొచ్చింది. రైతుకు రాయితీ ఇవ్వద్దని మేం అనం. కానీ ఆ రాయితీ డబ్బు సర్కారు నుంచి టయానికి రాకపోతే సొసైటీ నెత్తిన అప్పు పడుద్ది. మరమగ్గాల రాయితీదీ అదే దారి. పైన నుంచి డబ్బు ఆలస్యం, కింద నుంచి పెద్దోళ్ళ బకాయిలు. పల్లెలో రెండు నెలలు బిల్లు కట్టకపోతే లైన్‌మేను కటింగ్ ప్లేరుతో వస్తాడు. లక్షల బకాయి ఉన్న గేటు ముందు ఆ ప్లేరు జేబులోంచి బయటకు రాదు.

ఇక ఎన్నికలు. సర్కారుకు ఇష్టమైతే పెడతారు, లేకపోతే పర్సన్ ఇన్‌ఛార్జి. సహకార రంగంలో ఇది మనకందరికీ అలవాటైన నాటకమే. సిరిసిల్లలో 2022 డిసెంబరులో ఎన్నికలు పెడితే పార్టీలన్నీ అసెంబ్లీ ఎన్నికలకు మల్లే కొట్లాడాయి. ఎందుకు? ఆ డైరెక్టరు కుర్చీలో బలం ఉంది కనక. ఉద్యోగాలు, కాంట్రాక్టులు, లైన్లు ఆ కుర్చీ చుట్టూ తిరుగుతాయి కనక. అగ్రకులాల పెద్దలకు ఆ కుర్చీ విలువ తెలుసు. మనం మాత్రం ఇంకా ‘మాకు ఒక బల్బు ఇప్పించండి బాబయ్యా’ దగ్గరే ఉన్నాం.

సభ్యుడెవడు? సభ్యురాలెవరు?

సొసైటీ సూత్రం ‘కనెక్షనున్నవాడే సభ్యుడు’. వినటానికి బాగుంది. కానీ కనెక్షన్ కావాలంటే ఇల్లుండాలి, ఇంటికి కాగితం ఉండాలి, డిపాజిట్టు కట్టాలి, స్తంభం దగ్గర్లో ఉండాలి. పోరంబోకులో గుడిసె వేసుకున్నోడికి కాగితం లేదు. ఒక మీటరు మీద మూడు కాపురాలున్న చోట ఒక్కరే సభ్యులు. ఆ ఒక్కరూ మొగోడే. ఇంట్లో పొయ్యి కాడ చీకట్లో కూర్చునేది ఆడమనిషి, బిల్లు మీద పేరు మాత్రం మొగుడిదో, చచ్చిపోయిన మామదో. పేరు ఎవరిదైతే ఓటు వాళ్ళది. అంటే ఇంట్లో అప్పటికే ఉన్న హెచ్చుతగ్గులే సొసైటీ ఓటర్ల జాబితాగా మారతాయి.

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. సహకార కరెంటు పుట్టిన అమెరికాలోనూ ఇంతే. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళు కూడా ఆ సొసైటీల్లో సభ్యులే. బిల్లు కడతారు, ఓటుంది. ఐనా 2016లో పరిశీలించి చూస్తే అక్కడి పాలకవర్గాల్లో నూటికి తొంభై మందికి పైగా తెల్లవాళ్ళే తేలారు. ఎనభై ఏళ్ళు గడిచినా! ఒక మనిషికి ఒక ఓటు అని రాసుకుంటే సరిపోదు, ఆ ఓటును సీటుగా మార్చే ఏర్పాటు ఉండాలని అక్కడా ఇక్కడా ఒకటే పాఠం.

మన దగ్గర ఆ ఏర్పాటు గురించి 97వ రాజ్యాంగ సవరణ వచ్చింది, 2012 నుంచి అమలు. సహకార సంఘాల పాలకవర్గాల్లో ఎస్సీ లేదా ఎస్టీకి ఒక సీటు, ఆడవాళ్ళకు రెండు సీట్లు అన్నారు. ఒక్కటి! మాల, మాదిగ, యానాది, లంబాడీ అందరికీ కలిపి ఒక్క కుర్చీ. అదన్నా నిలిచిందా? సహకారం రాష్ట్రాల సంగతి, సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదు కనక రాష్ట్రాల్లోని సంఘాలకు ఈ భాగం చెల్లదని సుప్రీంకోర్టు 2021 జులైలో కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు ఈ కొట్లాట రాష్ట్ర చట్టం దగ్గరే తేలాలి. సహకార సంఘం ఏదైనా, జనాభా లెక్కన దళితులకు సీట్లు ఉండాలని మనం అడగాల్సింది ఇక్కడే.

సర్కారా, సొసైటీయా, ప్రైవేటా?

కొందరు మిత్రులు అడుగుతున్నారు, ‘ఎవడైతే మనకేంటి? సర్కారు డిస్కం మనల్ని చూడలేదు, సొసైటీ అగ్రకులాలది, ప్రైవేటోడొస్తే కనీసం డబ్బులిస్తే పని చేస్తాడు కదా’ అని. ఈ మాట చాలా ప్రమాదం. ప్రైవేటోడికి పల్లె గిట్టదు. 1930ల్లో అమెరికాలో గిట్టలేదు, ఇవాళ అడవులదీవిలో అసలే గిట్టదు. ఇరవై యూనిట్లు వాడే ఇంటికోసం వాడు స్తంభం పాతడు. ప్రపంచ బ్యాంకు సంస్కరణల పేరుతో 1999లో బోర్డును ముక్కలు చేసి, 2000లో రేట్లు పెంచినప్పుడు ఏమైందో మరిచామా? ఆ ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలాయి, ముగ్గురు ప్రాణాలు పోయాయి.

మా మాట ఇది. కరెంటు జనం సొత్తుగానే ఉండాలి. సర్కారు డిస్కం కానీ, సహకార సొసైటీ కానీ, వ్యాపారి చేతికి మాత్రం పోకూడదు. డిస్కం అయితే, అందరికీ ఇచ్చి తీరాల్సిన చట్టబద్ధమైన బాధ్యత దాని మెడకు ఉంటది. సొసైటీ అయితే అడిగే సభ ఉంటది. పల్లె బతకాలంటే ఆ రెండూ కావాలి. బాధ్యత లేని సొసైటీ పెత్తందారు జేబులో బొమ్మ. సభ లేని డిస్కం చెవిటోడి ముందు శంఖం. సిరిసిల్ల కథ నుంచి మేం తీసుకున్న సారం ఇదే. అక్కడ సొసైటీ ఉండాలి, ఇంకా బలపడాలి, అందులో దళితులకూ ఆడవాళ్ళకూ సీట్లు లెక్కప్రకారం దక్కాలి.

మన అడవులదీవిలో మనం చెయ్యాల్సింది

మన దగ్గర కరెంటు సొసైటీ లేదు. మనది బోర్డు లైను, ఇప్పుడు సెంట్రల్ డిస్కం లైను. కాలవ చివరి ఊళ్ళు, ఉప్పు గాలి, తుఫాను దారి. 1977 నవంబరు ఉప్పెనలోనూ, 1990 మే తుఫానులోనూ ఈ తీరం ఎట్టా అల్లాడిందో పెద్దోళ్ళకు తెలుసు. ఉప్పు గాలికి తీగ తుప్పు పడుద్ది, స్తంభం వాలుద్ది. గాలివాన వెలిశాక ముందు ఏ లైను నిలబెడతారు, చివర ఏ లైను నిలబెడతారు అన్నది మీరు కళ్ళారా చూస్తున్నదే. నిజాంపట్నం దారి పొడుగూతా రొయ్యల చెరువులొచ్చాయి. చెరువులో గాలిచక్రాలు రాత్రీ పగలూ తిరగాలి, లేకపోతే రొయ్య చచ్చిపోద్ది. 2019లో ఆ రైతులకు యూనిట్టు రూపాయిన్నరకే ఇస్తామన్నారు. రొయ్యకు ఊపిరాడక చస్తదని అంత ఆదుర్దా ఉన్న సర్కారుకు, పల్లెలో కిందికి వేలాడే తీగ తగిలి మనిషి చస్తాడన్న ఆదుర్దా ఎందుకు లేదని మనం అడగాలి.

అదే 2019లో ఎస్సీ ఎస్టీ ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం అన్నారు. దాన్ని దయ అనుకుని చేతులు కట్టుకోవద్దు. వందల ఏళ్ళ చాకిరీకి అది వడ్డీలో పైసా కూడా కాదు. కులం కాగితం లేదనో, పేరు తేడా ఉందనో కత్తిరిస్తే ఊరుకోవద్దు.

అందుకని పని మొదలుపెడదాం. ఇవాళ్టి నుంచే.

1. పల్లె లెక్క మనమే రాయాలి. ఎన్ని ఇళ్ళు, ఎన్ని మీటర్లు, ఎవరి పేరున, ట్రాన్స్‌ఫార్మరు ఎంత పెద్దది, దాని మీద పల్లెతోపాటు ఇంకెవరి మోటార్లు ఆడుతున్నాయి. చదువుకున్న పిల్లలు ఒక నోటు పుస్తకం పెట్టి వారం రోజుల్లో రాసెయ్యగలరు. లెక్క లేని జనం మాట ఏ ఆఫీసులోనూ చెల్లదు.

2. మీటరు లేని ప్రతి ఇంటికీ అర్జీ పెట్టాలి. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఏం చెప్తోందంటే, ఇంటి యజమానే కాదు, ఆ ఇంట్లో కాపురం ఉంటున్నవాళ్ళు అడిగినా నెల రోజుల్లో కరెంటివ్వాలి. కొత్త లైను లాగాల్సి వస్తే దానికి కొంత గడువుంటది. అర్జీ నోటిమాటగా కాదు, కాగితం మీద ఇచ్చి రశీదు తీసుకోవాలి.

3. కొత్త మీటర్లు ఆడవాళ్ళ పేరున తీసుకోవాలి. చచ్చిపోయినవాళ్ళ పేరునున్నవి మార్పించుకోవాలి. రేపు ఎక్కడన్నా సొసైటీ వచ్చినా, పథకం వచ్చినా పేరున్నవాళ్ళదే హక్కు.

4. వాలిన స్తంభం, వేలాడే తీగ, మూతలేని ఫ్యూజు పెట్టె – ప్రతిదాని మీదా రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. 1912 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. వినకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. లాయరు అక్కర్లేదు. కాగితం, పట్టుదల ఉంటే చాలు.

5. లైన్‌మేను కింద నిలబడి, ‘ఎక్కరా’ అంటే స్తంభమెక్కే ప్రైవేటు హెల్పరు మన పిల్లోడే. రోల్లో పేరుండదు, చేతికి గ్లవుజుండదు. పడి చస్తే ‘మావాడు కాదు’ అంటారు. పేరు రోల్లో లేకుండా మన పిల్లలెవరూ స్తంభం ఎక్కకూడదు. ఇది ఈ పల్లె కట్టుబాటుగా పెట్టుకుందాం.

6. కరెంటు సొసైటీ లేకపోతేనేం, మన చుట్టూ పరపతి సొసైటీ ఉంది, పాల సొసైటీ ఉంది, చేపలోళ్ళ సొసైటీ ఉంది. అర్హత ఉన్న ప్రతి దళితుడూ, ప్రతి దళిత స్త్రీ వాటా కట్టి సభ్యత్వం తీసుకోవాలి. మహాజన సభ ఎప్పుడో కనుక్కుని పదిమంది కలిసి వెళ్ళాలి. ఒక్కడే వెళితే నోరు నొక్కుతారు, పదిమంది వెళితే కుర్చీలేస్తారు. ఆ సభల్లో లేచి నిలబడి లెక్కలడగటం నేర్చుకుంటేనే, రేపు తీగ మీద పెత్తనం అడిగే నోరు మనకొస్తది.

అన్నలారా, అక్కలారా, కరెంటు ఒక వెలుతురు మాత్రమే అయితే ఇంత మాట్లాడక్కర్లేదు. అది పని, అది చదువు, అది నీళ్ళ మోటారు, అది ప్రాణం. దాన్ని పంచే చోట మనం లేకపోతే మన వాటా ఎప్పుడూ ఆఖరి స్తంభం దగ్గరే ఆగుద్ది. సిరిసిల్ల జనం సొసైటీ కట్టి యాభై ఏళ్ళకు పైగా నిలబెట్టుకున్నారు. సామాన్య జనానికి తీగ నడపటం చేతకాదనే మాట అబద్ధమని వాళ్ళు రుజువు చేశారు. పల్లెకు ఆ కుర్చీలో చోటు లేకుండా అది పూర్తి సహకారం కాదని రుజువు చెయ్యాల్సింది మనం. బిల్లు కట్టే జనంగానే మిగిలిపోవద్దు. లెక్కలడిగే జనంగా లేద్దాం.

జై భీం!